ఆఫీసు సర్వర్ రూమా, కోలొకేషనా, పూర్తిగా క్లౌడా: ఏది మేలు?

"కొంత క్లౌడ్‌లో, కొంత సొంత సర్వర్లలో నడుపుతున్నాం. ఆ సర్వర్లను ఆఫీసులోనే ఉంచాలా, కోలొకేషన్‌కు తరలించాలా? లేక అంతా క్లౌడ్‌కే మార్చేస్తే పోతుందా?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఇదే. కోలొకేషన్ అంటే వేరే కంపెనీ డేటా సెంటర్‌లో చోటు అద్దెకు తీసుకుని మన సొంత సర్వర్లను అక్కడ ఉంచడం. అందరూ నెలవారీ ఖర్చు లెక్కలు ముందు పెడతారు. నేను మాత్రం ముందుగా అడిగేది ఒకటే: మీ డేటాబేస్ ఎక్కడుంది, దాన్ని వాడే అప్లికేషన్ ఎక్కడుంది?

అప్లికేషన్ క్లౌడ్‌లో, డేటాబేస్ ఆఫీసులో ఉందనుకోండి. ఒక రిపోర్టు పేజీ తెరుచుకోవాలంటే 200 క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) ఒకదాని తర్వాత ఒకటి వెళ్లాలి. ఒక్కోటి వెళ్లి రావడానికి 30 మిల్లీసెకన్లు పడితే పేజీ రావడానికి 6 సెకన్లు. అదే 1 మిల్లీసెకను అయితే 0.2 సెకను. కోడ్ మారలేదు, సర్వర్ మారలేదు, మారిందల్లా దూరం. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి 100 కిలోమీటర్ల దూరానికి రానూపోనూ కనీసం 1 మిల్లీసెకను పడుతుంది. బ్యాండ్‌విడ్త్ ఎంత పెంచినా ఇది తగ్గదు.

కొంత క్లౌడ్, కొంత సొంత సర్వర్లుగా నడిపే హైబ్రిడ్‌లో కోలొకేషన్‌కు నేను ఓటు వేసేది ఇందుకే. పెద్ద కోలొకేషన్ కేంద్రాలు చాలావాటిలో అమెజాన్ డైరెక్ట్ కనెక్ట్, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ప్రెస్‌రూట్ లాంటి ప్రైవేటు క్లౌడ్ లింకులు అదే బిల్డింగులో దొరుకుతాయి. మీ ర్యాక్ (సర్వర్లు పేర్చే బీరువా) నుంచి ఒక క్రాస్ కనెక్ట్, అంటే ఆ లింకు వరకు ఒక కేబుల్, లాగితే చాలు. క్లౌడ్ నుంచి బయటికి వచ్చే డేటాకు గిగాబైట్ చొప్పున పడే ఛార్జీ కూడా ఇంటర్నెట్ దారి కన్నా ఈ లింకుల మీద సాధారణంగా తక్కువే. అయితే ఒక జాగ్రత్త. లింకు ఆ బిల్డింగులో ఉన్నంత మాత్రాన మీరు వాడే క్లౌడ్ రీజియన్ (క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్లున్న ప్రాంతం) దగ్గర్లో ఉన్నట్టు కాదు. సేల్స్ వాళ్లు లింకు వరకు పట్టే సమయం చెబుతారు, మీరు రీజియన్ వరకు కొలిచి చూపించమనండి.

బ్యాకప్ సంగతీ ఇంతే. క్లౌడ్‌లో ఉన్న 10 టెరాబైట్లను వెనక్కి తెచ్చుకోవాలంటే 1 గిగాబిట్ లింకు పూర్తి వేగంతో పనిచేసినా 22 గంటలు దాటుతుంది. 10 గిగాబిట్ అయితే రెండు గంటల పైచిలుకు. సిస్టమ్ పడిపోయిన రోజు ఆ తేడా ఎంత టెన్షన్ పెడుతుందో చెప్పక్కర్లేదు.

కోలొకేషన్‌కు మారినా డిస్కు పోతే మార్చే బాధ్యత మీదే. రిమోట్ హ్యాండ్స్‌కు, అంటే మీ తరఫున కేంద్రం సిబ్బంది చేసిపెట్టే పనులకు, విడిగా బిల్లు వస్తుంది. ర్యాక్‌లో 42 యూనిట్ల చోటు ఉందని సంబరపడొద్దు, కరెంటు ఎంత ఇస్తున్నారో చూడండి. ఒప్పందం 5 కిలోవాట్లకే అయితే, 700 వాట్లు లాగే సర్వర్లు ఏడు పెట్టేసరికి కోటా అయిపోతుంది. ఏ, బీ అని రెండు కరెంటు ఫీడ్లు (విడివిడి సరఫరా లైన్లు) ఇచ్చినప్పుడు ఒక్కోదాని మీద లోడ్ సగానికి లోపే ఉండాలి, లేదంటే ఒకటి పోయిన క్షణం రెండోదీ ట్రిప్ అవుతుంది. సర్వర్‌లోని రెండు పవర్ సప్లైలూ ఒకే ఫీడ్‌కు తగిలిస్తే కేంద్రానికి టైర్ 3 (మరమ్మతు వేళ కూడా ఆగకుండా నడిచే స్థాయి) సర్టిఫికెట్ ఉన్నా మీకు ఒరిగేదేమీ లేదు.

పూర్తి క్లౌడ్ ఎవరికంటే, లోడ్ ఎప్పుడు పెరుగుతుందో ఎప్పుడు తగ్గుతుందో తెలియనివాళ్లకు, హార్డ్‌వేర్ చూసుకునే మనుషులు లేనివాళ్లకు. లోడ్ నిలకడగా, డేటా భారీగా ఉంటే లెక్క తిరగబడుతుంది. డ్రాప్‌బాక్స్ తన డేటాలో అత్యధిక భాగాన్ని క్లౌడ్ నుంచి కోలొకేషన్‌లోని సొంత మెషీన్లకు మార్చి, రెండేళ్లలో 7.46 కోట్ల డాలర్ల ఖర్చు తగ్గిందని 2018లో పబ్లిక్ ఇష్యూ పత్రాల్లో తెలిపింది. అంత చేసినా క్లౌడ్‌ను పూర్తిగా వదల్లేదు.

ఆఫీసు సర్వర్ రూమ్ ఫ్యాక్టరీల లాంటి చోట్ల తప్పదు, లింకు తెగినా అక్కడి మెషీన్లు ఆగకూడదు కాబట్టి. మిగతావాళ్లకు ఏసీ, యూపీఎస్, జనరేటర్ల బాధ్యత అనవసరం. సర్వర్ల నిర్వహణ కూడా హోస్టింగ్ కంపెనీయే చూసుకునే మేనేజ్డ్ హోస్టింగ్ చిన్న సంస్థలకు సరిపోతుంది.

కోలొకేషన్ వైపే మొగ్గితే సంతకానికి ముందు టెస్ట్ లింకు అడగండి. మీ అప్లికేషన్‌లో అన్నిటికన్నా బరువైన పేజీని దాని మీద రద్దీ వేళల్లో నడిపి చూడండి. ఒప్పుకోని కేంద్రాన్ని నేనైతే జాబితాలోంచి తీసేస్తాను.