వైజాగ్‌లో కొన్న చలి గ్లవ్స్: హార్బర్ ఐసులో, లంబసింగిలో, సిస్సు మంచులో వేసుకుని చూశా

వైజాగ్‌లో ఉండి చలి గ్లవ్స్ ఏటిరా అని ఇంట్లో అందరూ నవ్వారు. నిజమే, జనవరిలో పొద్దున్నే బీచ్ రోడ్డు మీద కాస్త గాలి తగిలితేనే మంకీ క్యాపులు తీసే ఊరు మనది. కానీ ఈసారి మనాలి వెళ్లి అక్కడ బండి అద్దెకి తీసుకుని మంచులో నడపాలని నేనూ మా బావా ఫిక్స్ అయ్యాం, అందుకని ద్వారకానగర్ వైపు ఒక రైడింగ్ గేర్ షాపులో 3,800 పెట్టి ఇవి కొన్నా. షాపాయన "మైనస్ 10 దాకా ఏం కాదు తమ్ముడూ, రాసిస్తా" అన్నాడు. ఎలా నమ్మాలండీ అంటే ఏసీ కింద చెయ్యి పెట్టి చూడమన్నాడు.

సరే ఏసీ కాదులే అని మర్నాడు తెల్లారకుండానే ఫిషింగ్ హార్బర్‌కి పోయాం, బావ ఫ్రెండుకి అక్కడ బోటుంది. చేపల పెట్టెలో పొడి చేసిన ఐసుగడ్డ నిండుగా ఉంటే గ్లవ్ వేసుకుని మణికట్టు దాకా ముంచి పది నిమిషాలు అలాగే నిలబడ్డా. పక్కన వంజరాలు బేరమాడుతున్న ఒకావిడ "ఏటి బాబూ, సేతికి ఏటైనా అయిందేటి?" అని పాపం నిజంగానే కంగారు పడింది. పది నిమిషాలైనా వేళ్లకి చల్లదనం తెలీలేదు, చుక్క నీళ్లు లోపలికి రాలేదు. భలే అనుకున్నా. తీసేటప్పుడు మాత్రం మన ఉక్కకి చెయ్యి లోపల చెమట పట్టి ఉంది కదా, లోపలి లైనింగు వేళ్లతోపాటే జేబు బయటికి లాగినట్టు మొత్తం తిరగబడి వచ్చేసింది. మళ్లీ లోపలికి దోపుకున్నాంలే. అక్కడే ఆలోచించాల్సింది, ఐసు గెలిచాంరా అన్న ఊపులో పట్టించుకోలేదు.

లంబసింగికి రాత్రి రెండింటికి బయల్దేరాం, అనకాపల్లి మీంచి నర్సీపట్నం, అక్కణ్ణుంచి ఘాట్. పైన ఫోన్ 6 డిగ్రీలు చూపిస్తోంది కానీ బండి మీద లెక్క వేరు, 6 డిగ్రీల్లో 40 స్పీడులో పోతే గాలి వల్ల ఒంటికి తగిలేది దాదాపు సున్నా. ఈ ఊరిని కొర్రబయలు అంటారు, బయట ఉండిపోతే మనిషి కొయ్యబారిపోతాడని అలా పిలుస్తారట, ఆ పేరు పెట్టినోడికి దండం పెట్టాలి. బావ మామూలు ఊలు గ్లవ్స్ వేసుకొచ్చాడు, గాలి నేరుగా దూరిపోయి మూడుసార్లు బండి ఆపి చలిమంటల దగ్గర కూర్చున్నాడు. నాకేం కాలేదు. ఎడమ చూపుడు వేలికి చిన్న రబ్బరు పట్టీ ఉంది, దాంతో హెల్మెట్ అద్దం మీద పొగమంచు తుడుచుకుంటూ పోవచ్చు, ఇది మాత్రం చాలా బాగుంది. ఇక్కడితో ఆపేస్తే నేను ఐదుకి ఐదు ఇచ్చేవాణ్ణి.

అసలు మనకి మంచు అంటే ఈ పొగమంచే. మనాలిలోది వేరు, అది తడి. మేం వెళ్లిన మొదటి రోజు మంచు పడిందని పోలీసులు సోలంగ్ దగ్గరే బైకులన్నీ ఆపేశారు, చక్రాలకి చైన్లు కట్టిన ఫోర్ బై ఫోర్ బళ్లనే వదిలారు. రెండో రోజు వదిలితే అటల్ టన్నెల్ ఎక్కాం, 2020లో తెరిచింది, 9.02 కిలోమీటర్లు, లోపల కాస్త వెచ్చగానే ఉంటుంది, అటు పక్క బయటికి రాగానే ఎవరో ఐసునీళ్ల బక్కెట్టు మొహాన కొట్టినట్టుంటుంది. మైనస్ 5, అదే 40 స్పీడులో గాలితో లెక్కేస్తే దాదాపు మైనస్ 14. రోడ్డు తడిసినట్టు నల్లగా మెరుస్తుంటే నీళ్లనుకున్నా, అది గడ్డకట్టిన పొర, ముందు పోతున్న బావ బండి వెనక చక్రం ఇంత పక్కకి జరిగేసరికి ప్రాణం పోయింది. సెకండ్ గేరులో, ముందు బ్రేకు ముట్టుకోకుండా, కాళ్లు రెండూ కిందకి వేలాడేసి పిల్లలు సైకిల్ నేర్చుకున్నట్టు పోయాం.

టన్నెల్ దాటాక వచ్చే సిస్సు అనే ఊరి దగ్గర ఫోటో కోసం ఆగాం. గ్లవ్ వేలు ఫోన్ స్క్రీన్ మీద పని చేస్తుందని అట్ట మీద రాశారు, చెయ్యలేదు. సరే అని ఎడమ చేతిది తీశా, మంచు పట్టుకున్నా, చెయ్యి తడిసింది, మళ్లీ తొడుక్కుందామంటే ఉంగరం వేలూ చిటికెన వేలూ లైనింగు లోపల ఉండలు కట్టేసి కూర్చుంది. పెన్ను వెనకవైపు పెట్టి తోశా, నోటితో ఊదా, బావ ఒక పక్క నేనొక పక్క లాగాం, పావుగంట. అప్పటికి ఆ రెండు వేళ్లూ ఉన్నాయో లేదో తెలీడం లేదు. ఆఖరికి ఆ రెండూ అరచేతిలోకి మడుచుకుని మిగతా వాటితో క్లచ్ నొక్కుకుంటూ వెనక్కొచ్చా, ఆగిన చోటల్లా ఇంజన్ మీద చెయ్యి కాచుకుంటూ (సైలెన్సర్‌కి తగలనివ్వకండి, గ్లవ్ కరిగి అంటుకుంటుంది). గ్లవ్ వెచ్చదనంలో లోటు లేదండీ, తడి చేత్తో తీసి మళ్లీ వేసుకోలేకపోవడమే దీని రోగం. మంచులో రోజుకి ఇరవైసార్లు తీసి వేసుకోవాలి మరి.

మనాలిలో లోకల్ కుర్రాళ్లని చూస్తే సిగ్గేసింది. హ్యాండిల్‌కి రెక్సిన్ తొడుగులు కట్టేసుకుని లోపల మామూలు సన్న గ్లవ్స్‌తో హాయిగా పోతున్నారు. బజార్లో 350కి జత తెచ్చి కట్టా, మిగతా మూడు రోజులు అవే కాపాడాయి. స్విచ్చులు కనపడవు, హారన్ తడుముకోవాలి, అంతే.

తిరిగొచ్చాక షాపుకి వెళ్తే "వాడేశాక రిటర్న్ లేదు తమ్ముడూ, అయినా అంత మంచులోకి ఎవరు వెళ్లమన్నారు" అన్నాడు. మైనస్ 10 రాసిస్తానన్నది ఈయనే! కొనేవాళ్లు షాపులోనే చెయ్యి కాస్త తడుపుకుని తీసి చూడండి, లైనింగు వేళ్ల చివర కుట్టి ఉందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. ఒక సైజు పెద్దది తీసుకోండి, బిగుతుగా ఉంటే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. లేబుల్ మీద ఈఎన్ 13594 అని (బైకు గ్లవ్స్‌కి యూరప్ వాళ్ల ప్రమాణం) ఉందా చూడండి, నా వాటికి ఉంది, కానీ అది పడినప్పుడు చెయ్యి కాపాడే లెక్క, చలికి సంబంధం లేదు, షాపాయన మాత్రం అదే చూపించి చలికి సర్టిఫికెట్ అన్నాడు.

పూర్ణామార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే తాతకిస్తే 60 రూపాయలకి పది వేళ్ల చివర్లా లైనింగు పట్టేలా టాకాలేశాడు. ఇప్పుడు అస్సలు తిరగబడట్లేదు. కాకపోతే ఆ సూది కన్నాల్లోంచి నీళ్లు దిగుతున్నాయి, మొన్న బక్కెట్లో ముంచి చూశా. వచ్చే డిసెంబర్లో లంబసింగికి బావ వేసుకుంటానన్నాడు, సగం డబ్బులు అడిగా, ఇంకా ఇవ్వలేదు. ఐదుకి రెండున్నర.