కోహినూర్ కోసం లండన్ టవర్‌కు వెళ్తున్నారా?

టవర్ ఆఫ్ లండన్‌కు వెళ్లే తెలుగువాళ్లకు నా మొదటి సలహా: గేటు తీసే వేళకే అక్కడ ఉండండి, లోపలికి వెళ్లగానే తిన్నగా రాజాభరణాలు ఉండే జ్యుయెల్ హౌస్‌కు నడవండి. మిగతా కోట ఎటూ పోదు. పొద్దెక్కితే ఆ క్యూ మన తిరుమల సర్వదర్శనం లైన్‌ను తలపిస్తుంది.

పెద్దవాళ్ల టికెట్ 30 పౌండ్లు దాటింది. ఖరీదే, కానీ బీఫీటర్లు అనే కోట కాపలాదారులు దగ్గరుండి కోట చరిత్ర చెప్పే టూర్ అందులోనే వస్తుంది. ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి.

మేం తూర్పు లండన్‌లోని ఈస్ట్ హ్యామ్‌లో దిగాం. అక్కడ డిస్ట్రిక్ట్ లైన్ మెట్రో ఎక్కితే రైలు మారకుండా టవర్ హిల్ స్టేషన్‌కు చేరొచ్చు. ఇడ్లీ, దోసె, సాంబారు అన్నం నడిచి వెళ్లేంత దూరంలోనే దొరుకుతాయి. గదే నచ్చలేదు. ఫొటోల్లో చూపించిందొకటి, ఇచ్చిందొకటి. ఇరుకు మెట్లు ఎక్కలేక అమ్మ బాగా అవస్థపడింది. పెద్దవాళ్లు వెంట ఉంటే లిఫ్ట్ ఉందో లేదో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.

జ్యుయెల్ హౌస్‌లో ఫొటోలు తీయనివ్వరు. ప్రధాన కిరీటాల ముందు నిలబడే వీలు కూడా లేదు, కాళ్ల కింద పట్టీ కదులుతూ మనల్ని ముందుకు తీసుకుపోతుంది. జనం పలచగా ఉంటే వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కొచ్చు. సిబ్బంది మర్యాదగా ఉన్నారు, ఎవరూ విసుక్కోలేదు.

కళ్లు ముందు రాజదండం మీదకే పోతాయి. దాని తలలో ఉన్న కల్లినన్ వజ్రం 530 క్యారెట్లు, పియర్ పండు ఆకారం. 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన 3,106 క్యారెట్ల రాయిలోంచి కోసిందది. దాని తర్వాత కోహినూర్‌ను చూస్తే "ఇంతేనా?" అంది అమ్మ. ఎలిజబెత్ రాజమాత కోసం 1937లో చేయించిన ప్లాటినం కిరీటంలో, ముందువైపు శిలువ మధ్యలో ఉంటుంది. బరువు 105.6 క్యారెట్లు.

1849లో బాలుడైన సిక్కు మహారాజు దులీప్ సింగ్ దగ్గర బ్రిటిష్‌వాళ్లు లాహోర్ ఒప్పందం పేరుతో తీసుకున్నప్పుడు అది దాదాపు 186 క్యారెట్లు. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో పెడితే మెరుపు చాలలేదని జనం పెదవి విరిచారు. మరుసటి ఏడాదే సాన పట్టించి ఇప్పుడున్న 105.6 క్యారెట్లకు తగ్గించేశారు. బరువు పోకుండా చూసుకునే మన పాత పనితనం వాళ్లకు రుచించలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. ఈ వజ్రం పుట్టిందని చెప్పే కృష్ణా తీరపు కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది, వెళ్లి చూద్దామన్నా కుదరదు.

ఇంకో మాట. కోహినూర్ కన్నా బరువైన వజ్రం మన ప్రభుత్వం చేతిలోనే ఉంది. నిజాం నగల్లోని జాకబ్ వజ్రం, 184.75 క్యారెట్లు. దక్షిణాఫ్రికా రాయి అయినా హైదరాబాద్ చరిత్రలో భాగం. 1995లో 218 కోట్లకు ఆ నగలన్నీ కొన్న ప్రభుత్వం వాటిని రిజర్వ్ బ్యాంకు లాకర్లలో పెట్టింది. లండన్‌లో టికెట్ కొంటే చాలు ఎవరైనా చూడొచ్చు, మన దగ్గరున్నది మనకే కనపడదు. ఇది మారాలి, హైదరాబాద్‌లోనే శాశ్వతంగా ప్రదర్శనకు పెట్టాలి. 2001లో, 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో, 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో కొన్నాళ్లు ఉంచారు. మళ్లీ ఎప్పుడు పెట్టినా వదులుకోకండి.