టెంక మొక్కా, అంటు మొక్కా: కణాల లెక్కలో ఏది మేలు?

తొమ్మిదేళ్ల కిందట ఓ వేసవిలో నోరూరించే బంగినపల్లి పండు తిని, ఆ టెంకను మా నాన్న పెరట్లో పాతారు. పోయినేడు తొలికాపు వచ్చింది. కాయ చిన్నది, పీచు ఎక్కువ, పండినా పులుపు పోలేదు. "మొక్క మారిపోయిందేమోరా" అని చాలా బాధపడ్డారు. మొక్క మారలేదు. ఆ టెంకలో మొదటి నుంచీ ఉన్నది బంగినపల్లి కాదు.

మామిడి కణంలో 40 క్రోమోజోములుంటాయి, అంటే మొక్క లక్షణాలను రాసిపెట్టిన డీఎన్ఏ కట్టలు. అవి 20 జతలు. కొమ్మ సాగినా, ఆకు పెరిగినా, గాయం మానినా జరిగేది సమవిభజన. కణం ముందు తన డీఎన్ఏ మొత్తానికి నకలు తీస్తుంది. జంట పోగులు విడిపోతాయి, ఒక్కో పాత పోగు పక్కన దానికి సరిపడే కొత్త పోగు అల్లుకుంటుంది. తర్వాత క్రోమోజోములన్నీ కణం నడుమ వరసకొస్తాయి. రెండు కొసల నుంచి వచ్చిన సన్నని తంతువులు నకళ్లను చెరోవైపు లాగుతాయి. 40 అటు, 40 ఇటు. మధ్యలో కొత్త గోడ లేస్తుంది. దొర్లిన తప్పుల్ని కణం తానే వెతికి దిద్దుకున్నాక, సుమారు వంద కోట్ల డీఎన్ఏ అక్షరాలకు ఒక్క తప్పు మిగులుతుంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఇది అద్భుతంగానే ఉంటుంది.

పూతలో జరిగేది వేరు. అక్కడ పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు నకలు ఒక్కసారే, విభజన మాత్రం రెండుసార్లు. చివరికి ఒక్కో కణానికి దక్కేవి 20 క్రోమోజోములే. దీన్నే క్షయకరణ విభజన అంటాం. విడిపోయే ముందు జతలోని రెండూ ఒకదానికొకటి ఆనుకుని ముక్కలు మార్చుకుంటాయి. ఆ మార్పిడిని లెక్కలోకి తీసుకోకపోయినా, ఏ జతలో ఏది ఎటు వెళ్తుందన్న దాన్నిబట్టే 10,48,576 రకాల కలయికలు వీలవుతాయి. ఆపైన ఏ ఈగో ఏ చెట్టు నుంచో మోసుకొచ్చిన పుప్పొడి కలుస్తుంది. దానిలోనూ అన్ని కలయికలే. పండు కండ తల్లిచెట్టుది కాబట్టి మనకు తల్లి రుచే తెలిసింది. లోపలి జీడిలో ఉన్న పిల్ల మాత్రం కొత్త మనిషి లాంటిది.

అందుకే తెలిసిన రుచి కావాలంటే అంటు మొక్కే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. టెంక మొక్క కాండాన్ని కోసి, నిలువుగా చీలుస్తారు. బంగినపల్లి పుల్ల కొసను ఉలిలా చెక్కి ఆ చీలికలో దించుతారు. బెరడు కింద తడితడిగా మెరిసే పలచని పొర ఉంటుంది. ఈ పొరా ఆ పొరా కనీసం ఒక పక్కనైనా కలవాలి, లేకపోతే పుల్ల ఎండిపోతుంది. ప్లాస్టిక్ పట్టీ బిగించాక లోపల ఇరువైపుల కణాలూ సమవిభజనతో పెరిగి ఖాళీని పూడుస్తాయి. కొన్ని వారాలకు చిగురు కనిపిస్తుంది. నాలుగైదేళ్లకే కాపు మొదలవుతుంది. ఆ పుల్లలోని ప్రతి కణం తల్లిచెట్టు కణానికి నకలే.

అయితే నకళ్ల మీదే బతికితే ఏమవుతుందో అరటి చూపించింది. మనం కొని తినే అరటిపండ్లలో చాలా రకాలకు 33 క్రోమోజోములు, మూడు వరసలు. జత కుదరక క్షయకరణ విభజన చెడిపోతుంది, గింజ పట్టదు. పిలకలే దిక్కు. లాటిన్ అమెరికా ఎగుమతి తోటల్లో ఒకప్పుడు గ్రో మిషెల్ అనే ఒకే రకం ఉండేది. పనామా తెగులు సోకితే తట్టుకునే మొక్క వాటిలో లేదు. 1960ల నాటికి ఆ రకాన్ని వదిలేసి కావెండిష్ అనే మరో రకానికి మారాల్సి వచ్చింది. ఇప్పుడు అదే తెగులులోని మరో రకం కావెండిష్‌నూ పట్టింది.

కొత్తదనం టెంక నుంచే రావాలి. 1970లలో వచ్చిన ఆమ్రపాలి మామిడి దశేరి, నీలం రకాలు కలిస్తే పుట్టింది. మన సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన మంజీర రకం రుమానీ, నీలంల బిడ్డ. బంగినపల్లి కూడా ఎప్పుడో ఎక్కడో ఒక టెంకలోంచి మొలిచినదే. ఎవరో దాని రుచి గుర్తించి అంటు కట్టబట్టి మనదాకా వచ్చింది. కొత్త రకం వెతికేవాళ్లు వందల టెంకలు నాటి, ఏళ్ల తరబడి ఎదురుచూసి, చాలావాటిని తీసేస్తారు. పెరట్లో ఒక్క చెట్టుకే చోటున్నవాళ్లు ఆ పందెం కాయకూడదు.

ఒక మినహాయింపు ఉంది. కేరళ వైపు ఒలూర్ లాంటి రకాల టెంక నాటితే ఒకటికి మించి మొలకలొస్తాయి. వాటిలో చాలావరకు తల్లి కణజాలం నుంచి సమవిభజనతో పుట్టినవే, అంటే అవి టెంకలోంచి వచ్చినా తల్లి నకళ్లు. బంగినపల్లిలో మొలక ఒకటే, అదీ కలగలుపుదే.

నాన్న చెట్టు కొట్టేయొద్దన్నాను. ఆ పులుపు ఆవకాయకు బాగుంది. దాని పక్కన ఈ వానాకాలం ఒక బంగినపల్లి అంటు నాటాం. అతుకు మట్టిలో కప్పబడిపోకుండా చూసుకున్నాం. అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లను ఆయనే రోజూ గిల్లేస్తున్నారు. అవి అడుగునున్న టెంక మొక్కవి. పైనా కిందా కణాలు ఒకే కాండంలో ఆనుకుని పెరిగినా, ఎవరి 40 వాళ్లవే.