రెండున్నర ఎం.ఎం. జనరేటర్ వైరు: ఏళ్ల తరబడి వాడాక

జనరేటర్ కొనేటప్పుడు అందరూ కేవీఏ, అంటే అది ఎంత పవర్ ఇస్తుందో అడుగుతారు, మైలేజీ అడుగుతారు. అందులోంచి ఇంట్లోకి కరెంటు తెచ్చే వైరు గురించి మాత్రం ఎవరూ అడగరు. బిల్లు కట్టి బయటికొస్తూ గుమ్మం దగ్గర వేలాడుతున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి పట్టుకొచ్చేస్తారు. నాకు మా జనరేటర్ కన్నా దాని వైరంటేనే ఎక్కువ ఇష్టం. ఎందుకో చెబుతాను.

మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ, సముద్రానికి బాగా దగ్గర. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను స్తంభాలన్నీ పడగొట్టి పోయాక మేమూ 2.8 కేవీఏ పెట్రోలు జనరేటర్ ఒకటి కొన్నాం. దానికోసం డాబాగార్డెన్స్‌లో మీటర్ల లెక్కన కోయించిన వైరు ఇది. 30 మీటర్లు, మూడు కోర్లు, అంటే లోపల మూడు విడి తీగలు, ఒక్కోదాంట్లో 2.5 స్క్వేర్ ఎం.ఎం. మందం రాగి (షాపుల్లో ఉత్త ఎం.ఎం. అనేస్తారు), పైన నల్ల రబ్బరు తొడుగు. ఒక చివర 16 ఆంపియర్ల ప్లగ్గు, రెండో చివర సాకెట్టు కట్టించాం. రెడీమేడ్ బాక్సుకి అయ్యేదానికి మూడింతల పైనే అయింది. మా ఆయన ఇప్పటికీ ఆ బిల్లు సంగతి ఎత్తుతూనే ఉంటారు. అంత పొడవెందుకంటే, జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు. బాల్కనీలోనో మెట్ల కిందో పెట్టి నడపకూడదు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో ఉంచాలి. మాది అప్పట్లో గేటు పక్కన పెట్టేవాళ్లం. సంపు మోటారేమో ఇంటి వెనకాల.

ఈ వైరు విలువ నాకు తెలిసింది మా పక్కింటివాళ్ల మోటారు దగ్గర. ఒక వాయుగుండానికి కరెంటు పోయి, మర్నాటికి కూడా రాలేదు. వాళ్లదీ మా సైజు జనరేటరే, మోటారు కూడా మాలాగే ఒక హెచ్‌పీ. స్విచ్ వేస్తే మోటారు గుయ్యిమంటోంది గానీ తిరగట్లేదు. కాసేపటికి జనరేటర్ బ్రేకర్ పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ కుర్రాడొచ్చి కెపాసిటర్ (మోటారు మొదట తిరగడానికి ఊతమిచ్చే భాగం) పోయిందన్నాడు, తర్వాత జనరేటర్‌లోనే పవర్ లేదన్నాడు. ఆ వానలో కెపాసిటర్ ఎక్కడ దొరుకుతుంది? పైన ట్యాంకు ఖాళీ, ఇంట్లో మంచాన ఉన్న పెద్దావిడ. అందరికీ టెన్షన్. ముందు మా వైరు వేసి చూడమని తెచ్చిచ్చాను.

"ఏటాంటీ, ఇది వెల్డింగ్ మిషన్ వైరేటి?" అన్నాడు ఆ కుర్రాడు. నవ్వుతూనే కలిపాడు. స్విచ్ వేయగానే మోటారు ఒక్కసారి మూలిగి అందుకుంది. అదే జనరేటర్, అదే మోటారు, అదే కెపాసిటర్.

తర్వాత వాళ్ల బాక్సు విప్పి చూశాం. పైన 16 ఆంపియర్లని అచ్చు. లోపల షాపుల్లో 23/76 అనే వైరు, అంటే 23 సన్న పోగులు, ముప్పావు ఎం.ఎం. లెక్క. అదీ రెండు కోర్లే. మూడు పిన్నుల సాకెట్టు పెట్టి ఎర్త్ పిన్నుకి ఏమీ కలపలేదు! దాన్ని తయారుచేసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

అలాంటి వైరు 30 మీటర్లుంటే, రానూ పోనూ కలిపి నిరోధం ఒకటిన్నర ఓమ్‌ల పైనే. మోటారు మొదలయ్యే క్షణంలో ఏ 30 ఆంపియర్లో లాగిందంటే వైరులోనే 45 వోల్టులు పోతాయి. ఆ బరువుకి జనరేటర్ కూడా కొంత కిందికి దిగుతుంది. ఇక మోటారుకి మిగిలేదెంత? రెండున్నర ఎం.ఎం.లో పోయేది 15 దగ్గర. ఫ్రిజ్ కంప్రెసర్‌కీ ఇదే బాధ. ఫ్యాన్లు, లైట్లు సన్న వైరు మీద కూడా బాగానే నడుస్తాయి కాబట్టి లోపం ఎవరికీ కనపడదు.

ఈ వైరు కొంటే ఇంకేమీ చూసుకోనక్కర్లేదని అడిగినవాళ్లందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. వైరుకి ఏమీ కాలేదు, చివర్లు పాడయ్యాయి. ఈ ఉప్పుగాలికి సాకెట్టులో ఇత్తడి స్క్రూలు పచ్చగా చిలుమెక్కి, పట్టు వదిలాయి. ఒకసారి ఫ్రిజ్ నడుస్తుండగా చెయ్యి పెడితే ప్లాస్టిక్ కాలిపోతోంది. దాన్ని తీసేసి, ఫ్యాక్టరీల్లో వాడే మూత ఉన్న నీలం రంగు కనెక్టర్ వేయించాను. అయినా ఏటా వానల ముందు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, స్క్రూలు బిగించాల్సిందే. ఎండ తగిలేచోట రబ్బరు మీద సన్న పగుళ్లు కూడా మొదలయ్యాయి. బరువు ఐదారు కిలోలకు తగ్గదు. మా అత్తగారు ఒక్కరే ఉన్నప్పుడు కరెంటు పోతే దాన్ని ఎత్తలేరు. చుట్ట మొత్తం విప్పాకే లోడు వేయాలి, లేకపోతే లోపల వేడి పట్టేస్తుంది. ఇంత లావు వైరు విప్పడం కూడా ఒక పనే.

గాజువాకలో మా తమ్ముడు నన్ను చూసి ఇదే వైరు కొన్నాడు. వాడిది ఒక కేవీఏ జనరేటర్. మోటారు కదల్లేదు. కదలదు కూడా, జనరేటర్‌లో లేని పవర్ వైరు ఇవ్వలేదు. వాడికి పది మీటర్ల ఒకటిన్నర ఎం.ఎం. సరిపోయేది. అపార్టుమెంటులో కామన్ జనరేటర్ ఉన్నవాళ్లకు ఇదంతా అనవసరం.

ఇంకో రకం వైరు గురించి ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. రెండు చివర్లా ప్లగ్గులుండేది, జనరేటర్ నుంచి గోడ సాకెట్టులోకి గుచ్చేది. అది ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ఊడిన ప్లగ్గు పిన్నుల్లో కరెంటుంటుంది. మెయిన్ కట్టేయడం మరిచారా, అది స్తంభం మీదికెళ్లి పనిచేసుకుంటున్న లైన్‌మన్‌కి తగులుతుంది. ఇల్లంతా నడవాలంటే చేంజోవర్ స్విచ్ పెట్టించుకోవాలి, లైను కరెంటో జనరేటర్ కరెంటో ఒకసారికి ఒక్కటే ఇంటికి కలిపే స్విచ్ అది.

నేనే మళ్లీ కొనాల్సి వస్తే వైరు ఇదే తీసుకుంటాను. కాకపోతే ఇప్పుడు జనరేటర్ పెట్టడానికి ఇంటి వెనక గోడ దగ్గర చోటు చేశాం, అక్కడా కిటికీలు దూరమే. కాబట్టి 20 మీటర్లు చాలు. మిగిలిన డబ్బుతో మొదటే మంచి కనెక్టర్లు వేయిస్తాను.