సింకు జామైతే పౌడరు పోయాలా, కప్పు విప్పాలా?

పండగ మర్నాడు మా సింకు తప్పకుండా మొరాయిస్తుంది. గారెల మూకుడు కడిగిన జిడ్డు, చింతపండు పిప్పి, కరివేపాకు, జాలీ తప్పించుకున్న మెతుకులు, అన్నీ ఒకచోట చేరి ముద్ద కడతాయి. అప్పుడు ఇంట్లో తలా ఒక సలహా.

అమ్మ మాట మరిగే నీళ్లు. జిడ్డు కరుగుతుంది, నిజమే. కరిగి కాస్త దూరం పోయి, చల్లబడి మళ్లీ అక్కడ గడ్డకడుతుంది. పైగా మామూలు పీవీసీ పైపు సుమారు 60 డిగ్రీల వేడికి మించి ఓర్చుకోదు. నీళ్లు ఇంకా మెల్లగానైనా దిగుతుంటే, చేతికి చురుక్కుమనేంత వేడి నీళ్లలో గిన్నెల సబ్బు కలిపి పోస్తే చాలు.

వంటసోడా, వెనిగర్ సంగతి వీడియోల్లో అందరూ చూసిందే. బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ గ్యాస్‌కి పైన దారి తెరిచే ఉంది, అడ్డాన్ని నెట్టాల్సిన పనేముంది దానికి? ఒకదాన్నొకటి విరిచేసుకుని చివరికి మిగిలేది ఉప్పునీళ్ల లాంటిదే. వాసన తగ్గడానికైతే సరే.

ఇక కొట్లో దొరికే డ్రెయిన్ పౌడరు. వీటిలో చాలావాటికి అసలు సరుకు కాస్టిక్ సోడా. జిడ్డుని సబ్బుగా మార్చేస్తుంది కాబట్టి పనిచేయదని అనను. కానీ సింకు నిండా నీళ్లు నిలిచి ఉంటే అది అడ్డం దాకా చేరదు, మధ్యలోనే వేడెక్కి గట్టిపడుతుంది. ఒకసారి పౌడరు పోసి, ఓపిక పట్టలేక పైన ప్లంజర్ (కర్ర చివర రబ్బరు గిన్నె ఉండే పరికరం) కొట్టాను. ఒక్క చింది మోచేతి మీద పడింది. ముందు సబ్బు రాసినట్టు జారుడుగా అనిపించింది, తర్వాత మంట. కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టుకున్నా ఎర్రమచ్చ వారం రోజులు పోలేదు. అదే కంట్లో పడి ఉంటే? పౌడరు పనిచేయలేదని మీద బాత్రూం యాసిడ్ పోస్తే ఇంకా ప్రమాదం, కుతకుతలాడి మొహం మీదకి ఎగజిమ్ముతుంది. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

నా ఓటు ముందు ప్లంజర్‌కి, తర్వాత సింకు కింద సీసాలా వేలాడుతూ చెత్త ఆగే బాటిల్ ట్రాప్ కప్పు విప్పడానికి. ఏ మందూ పోయకముందే సుమా. ప్లంజర్ రబ్బరు మునిగేంత నీళ్లుండాలి. రెండో తొట్టి ఉంటే దాని రంధ్రాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయాలి, లేకపోతే బలమంతా అటు పోతుంది. పదిహేను ఇరవై పోట్లకీ కదలకపోతే కింద బకెట్ పెట్టి ట్రాప్ అడుగు కప్పుని చేత్తో తిప్పండి. మొన్న మా దాంట్లోంచి నల్లటి ముద్ద, నాలుగు చింతగింజలు, మేం ఎప్పుడో మర్చిపోయిన చిన్న చెంచా ఒకటి బయటపడ్డాయి. ఏ పౌడరు కరిగిస్తుంది చెంచాని? తిరిగి బిగించేటప్పుడు వాషర్ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోండి. కప్పు శుభ్రంగా ఉండి కూడా నీళ్లు దిగకపోతే అడ్డం గోడలోపలి పైపులో ఉన్నట్టు. అది పైపులోకి దూర్చే పొడవాటి స్ప్రింగ్ ఉన్న ప్లంబర్ పని.

డాలస్‌లో ఉన్న మా చెల్లి ఇంట్లో సింకు కిందే గార్బేజ్ డిస్పోజల్, అంటే తిండి చెత్తని నలగ్గొట్టే మిషన్. దాని లెక్క వేరు. జామైతే ముందు ప్లగ్గు పీకాలి, లేదా బ్రేకర్ ఆపాలి. స్విచ్ ఆపామన్న ధీమాతో లోపల చెయ్యి పెట్టకూడదు, పట్టకారుతోనే తీయాలి. మోటారు మూలుగుతూ తిరగకపోతే చాలా మోడళ్లకి అడుగున ఆరు పలకల రంధ్రం ఉంటుంది, అందులో పావు అంగుళం అలెన్ కీ పెట్టి అటూ ఇటూ తిప్పితే పట్టు వదులుతుంది. తర్వాత అక్కడే ఉన్న ఎర్ర రీసెట్ బటన్ నొక్కాలి. కాస్టిక్ అందులో అసలు పోయొద్దు. చెల్లి మిషన్ మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ మునక్కాడ పిప్పే.