స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్: రెండేళ్లు గీశాక

బొమ్మలు గీయడం నేర్చుకోవాలని సరదా పుట్టినవాళ్లు ముందు అడిగేది "ఏం కొనాలి?" అనే. నేను చెప్పేదొకటే. స్క్రీన్ లేని చిన్న పెన్ టాబ్లెట్ కొనుక్కోండి, రంగులు దాని మీద నేర్చుకోండి. అంటే కంప్యూటర్‌కు తగిలించే పలక, దాని మీద ప్రత్యేకమైన పెన్నుతో గీస్తే గీత కంప్యూటర్ తెర మీద పడుతుంది. గీత మాత్రం కాగితం మీదే నేర్చుకోండి. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిపూట గీసుకునే మనిషిని నేను, ఆర్టిస్టును కాను. రెండేళ్లకు పైగా వాడాక ఏర్పడ్డ అభిప్రాయం ఇది.

నా దగ్గరున్నది 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు గీసే చోటున్న రకం. ఈ సైజువి 3,000–4,000 రూపాయల మధ్య దొరుకుతాయి. పెన్నుకు బ్యాటరీ ఉండదు, చార్జింగ్ గొడవ లేదు. పలక పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే దానికి కావలసిన శక్తి అందుతుంది. పెట్టె మీద 8,192 ప్రెషర్ లెవెల్స్ అని పెద్ద అక్షరాల్లో వేస్తారు, అంటే పెన్ను ఎంత గట్టిగా నొక్కామో అన్ని మెట్లలో పసిగడుతుందని. ఆ అంకె చూసి మోజుపడకండి. కొత్తగా నేర్చుకునేవాడికి అందులో సగమున్నా తేడా తెలియదు. చూడాల్సింది, పెన్ను పలకకు తాకీ తాకనట్టు ఆనించినా గీత పడుతుందా లేదా అన్నది. నొక్కితే తప్ప పడకపోతే గంటలో వేళ్లు లాగేస్తాయి.

చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట. స్క్రీన్ లేని టాబ్లెట్ కొనడానికి అందరూ జంకేది ఇక్కడే. మొదటి కొన్నాళ్లు విసుగు పుడుతుంది, అబద్ధం చెప్పను. పేరు రాసినా పిచ్చి గీతల్లా వస్తుంది. కానీ ఈ విద్య మన ఇళ్లలో లేనిదేం కాదు. మా పెద్దమ్మ మెలికల ముగ్గు వేసేటప్పుడు చూశాను, ఆవిడ చూపు పిండి జారే చోట ఉండదు, చేరాల్సిన చుక్క మీద ఉంటుంది. టాబ్లెట్ మీద చెయ్యాల్సిందీ అంతే. పెన్ను కొన వెంట చూస్తూ పోతే గీత వణుకుతుంది. ముగింపు ఎక్కడో అక్కడ చూసి ఒక్క ఊపులో లాగితే తిన్నగా వస్తుంది.

ఆ పట్టుదలతోనే కొన్ని వారాలు ముగ్గులే గీశాను. 7 చుక్కలు, 4 వచ్చేవరకు సందు చుక్క. చుక్కలు ఒక లేయర్‌లో, మెలికలు ఇంకో లేయర్‌లో. లేయరంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితం లాంటిది. డ్రాయింగ్ క్లాసుల్లో పెట్టే గీతలు, వంపులు, గుండ్రాల అభ్యాసమంతా అందులోనే వస్తుంది. పైగా ఎక్కడ తప్పిందో చుక్కలే చెప్పేస్తాయి. విడిగా నూరు గుండ్రాలు గీయమంటే నాకు నిద్రొస్తుంది, ముగ్గయితే రాదు.

ఇంకో సంగతి. టాబ్లెట్ బిగించిన రోజునే సరిచూసుకోవాలి, చాలామంది చూసుకోరు. 6కి 4 అంటే నిష్పత్తి 3:2. లాప్‌టాప్ తెర మామూలుగా 16:9. టాబ్లెట్ మొత్తాన్ని తెర మొత్తానికి అతికిస్తే చేత్తో గుండ్రంగా గీసింది తెర మీద అడ్డంగా సాగి కనిపిస్తుంది. చెయ్యి బాగోలేదని మనల్ని మనం తిట్టుకుంటాం. టాబ్లెట్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) సెట్టింగుల్లో నిష్పత్తి సమానంగా ఉంచే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టెయ్యండి. అర అంగుళం పైచిలుకు జాగా పనికిరాకుండా పోతుంది, పోనివ్వండి. పలకను కూడా కీబోర్డుకు కుడిపక్కన వంకరగా పెట్టకూడదు. ఒంటికి ఎదురుగా, తెరకు సమాంతరంగా ఉండాలి. లేకపోతే అడ్డగీతలన్నీ ఒక పక్కకు వాలతాయి.

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటా. ఉచితం, ఓపెన్ సోర్స్. దొంగ కాపీల జోలికి పోవాల్సిన అవసరమే లేదు. బ్రష్షులు గుట్టలు గుట్టలుగా ఉంటాయి. అదే కొత్తవాళ్లకు చిక్కు కూడా. ఏ బ్రష్ బాగుందో వెతుక్కుంటూ సాయంత్రాలు గడిచిపోతాయి. పీడనంతో లావు మారే గుండ్రటి బ్రష్ ఒకటి, అంచులు మెత్తగా ఉండేది ఒకటి, ఈ రెండూ చాలు. చెరపడానికి మూడోది కూడా అక్కర్లేదు, E నొక్కితే చేతిలో ఉన్న బ్రష్షే రబ్బరవుతుంది. M నొక్కితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ముఖాలు గీసేవాళ్లు దీన్ని మాటిమాటికీ నొక్కాలి. అప్పటిదాకా చక్కగా కనిపించిన ముఖంలో ఒక కన్ను పైకి పోయిందని అప్పుడు గానీ తెలియదు. గీతను నున్నగా చేసే స్టెబిలైజర్ కూడా ఉంది. ఇంకుగీతలు వేసేటప్పుడు హాయిగా ఉంటుంది కానీ, నేర్చుకునే రోజుల్లో ఆపేసి ఉంచడమే మేలు. వణుకు కనపడితేనే కదా తగ్గేది.

కాగితం ఎందుకన్నానో ఇప్పుడు చెప్తాను. కంట్రోల్ జెడ్, అంటే చేసినదాన్ని వెనక్కి తీసే మీట. గీత నచ్చలేదు, వెనక్కి. మళ్లీ గీత, మళ్లీ వెనక్కి. పదోసారి ఏదో బాగా కుదురుతుంది. అది అదృష్టమే గానీ నేర్పు కాదు. జూమ్ సంగతీ అంతే. కంటిరెప్ప వెంట్రుకలు దిద్దుతూ కూర్చుంటాం, తీరా చూస్తే తలకాయే మెడ మీద సరిగ్గా కూర్చుని ఉండదు. అందుకే జెరాక్సు కాగితాలు, బాల్‌పెన్ను. పెన్నుతో అయితే చెరపలేం కాబట్టి గీసే ముందు కాసేపు చూస్తాం.

బల్ల మీద స్టీలు గ్లాసు పెట్టుకుని గీసి చూడండి. కూర్చుని చూస్తే పై అంచు సన్నటి కోలగా కనిపిస్తుంది. అడుగు వెడల్పు తక్కువైనా, అంచుకంటే ఎక్కువ గుండ్రం తిరిగి ఉంటుంది, ఎందుకంటే అది మన కంటిమట్టానికి ఇంకా కిందికి ఉంది. కొత్తవాళ్లలో చాలామంది అడుగును తిన్నటి గీతగా గీసేస్తారు. గ్లాసు బల్ల మీద చదునుగా నిలబడిందని బుర్రకు తెలుసు మరి, కంటి మాట వినదు. ఆ అడుగు వంపు కంటికి ఆనిన రోజున గిన్నెలు, డబ్బాలు, మనుషుల చేతులు, మెడలు అన్నీ ఒక్కసారిగా తేలికైపోతాయి.

అదే గ్లాసుకు రంగు వెయ్యాల్సి వచ్చినప్పుడు టాబ్లెట్ విలువ తెలుస్తుంది. స్టీలంటే బూడిదరంగని మొదలుపెడతాం, సిమెంటు గ్లాసు తయారవుతుంది. పరకాయించి చూస్తే తెల్లటి మెరుపు పక్కనే దాదాపు నల్లటి చార, మధ్యలో మెత్తటి మార్పేమీ ఉండదు. అడుగున బల్ల రంగు ఎక్కి ఉంటుంది. కాగితం మీద ఇది నాలుగుసార్లు వేసి చూడాలంటే రంగులు, షీట్లు, ఆరేదాకా ఆగడం. ఇక్కడ లేయర్ కాపీ చేసుకుని ఎన్నిసార్లయినా. అన్నిటికంటే పైన నల్లటి లేయర్ వేసి, దాని బ్లెండింగ్ మోడ్ (కింది లేయర్లతో కలిసే పద్ధతి) 'కలర్' అని పెడితే బొమ్మంతా నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. వెలుగునీడలు కుదిరాయో లేదో వెంటనే తెలిసిపోతుంది. చందమామ ముఖచిత్రాల్లో వడ్డాది పాపయ్య వేసిన రంగులు చూస్తూ పెరిగినవాళ్లు ఆ పాత అట్టల ఫొటోలు క్రిటాలో తెరిచి ఇదే పరీక్ష చేసి చూడండి. చీరల రంగులు, నగల మెరుపులు తీసేశాక మిగిలే వెలుగునీడలను పట్టి పట్టి చూడండి. నేనైతే ఒక ఆదివారమంతా అందులోనే పడి ఉన్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి. పెన్ను ములుకు అరిగి ఉలిలా వాలుతుంది, అప్పటినుంచి పలకను గీకుతుంది. పెట్టెలో అదనపు ములుకులు ఇస్తారు, మార్చడం రెండు నిమిషాల పని. కాగితంలా గరుకుగా ఉంటుందని పైన అతికించే షీట్లు అమ్ముతారు. గీయడానికి బాగుంటాయి కానీ ములుకును తొందరగా తినేస్తాయి. నా పలకకు కేబుల్ దూర్చే చోటు ఏడాది తిరక్కుండానే వదులైంది, బొమ్మ మధ్యలో కనెక్షన్ పోతుంటుంది. కంపెనీకి రాస్తే కేబుల్ మార్చుకోమన్నారు, మార్చినా అంతే. చివరికి టేపు వేసి నెట్టుకొస్తున్నాను. కాబట్టి కొనేటప్పుడు కేబుల్ గట్టిగా పట్టుకుంటుందా అని కదిపి చూడండి. కంప్యూటర్ అప్‌డేట్ అయ్యాక ఒక్కోసారి ప్రెషర్ పోయి గీతలన్నీ ఒకే లావున పడతాయి. విండోస్ కంప్యూటర్లలో క్రిటా టాబ్లెట్ సెట్టింగుల్లో విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ అని పెన్ను కదలికలను అందుకునే పద్ధతులు రెండుంటాయి. ఒకటి తీసి రెండోది పెట్టి, క్రిటా మూసి మళ్లీ తెరిస్తే నాకు చాలాసార్లు దారికొచ్చింది. ఇంతకుముందు వాడిన వేరే కంపెనీ టాబ్లెట్ డ్రైవర్ ఏదైనా కంప్యూటర్లో మిగిలి ఉంటే ముందు దాన్ని తీసెయ్యాలి.

వేలకు వేలు పోసి ఆన్‌లైన్ కోర్సులు ఇప్పుడే వద్దు. డ్రా ఎ బాక్స్ (Drawabox) అనే వెబ్‌సైట్లో పాఠాలు ఉచితంగానే ఉన్నాయి. అందులో పెట్టెలు గీయించి గీయించి ప్రాణం తీస్తారు, కానీ పర్‌స్పెక్టివ్, అంటే దూరం దగ్గరలు కంటికి కనిపించినట్టు గీసే పద్ధతి, వంటబడుతుంది. వాళ్లూ పెన్నుతో కాగితం మీదే గీయమంటారు.

ఇన్నాళ్లు వాడావు కదా, ఇక స్క్రీన్ ఉన్నది కొనుక్కోవచ్చుగా అని మా తమ్ముడు పోరుతున్నాడు. వాడిది చూశాను, బాగానే ఉంది. కానీ గీసినంతసేపూ దాని మీదికి వంగే కూర్చుంటున్నాడు. నా దాంట్లో తల ఎత్తి ఎదురుగా చూస్తూ గీస్తాను కాబట్టి మెడనొప్పి రాలేదు. నడుంనొప్పి మాత్రం ఉంది, అది ప్లాస్టిక్ కుర్చీ పుణ్యం. పండగ బోనస్ వస్తే ముందు ఆ కుర్చీ మారుస్తాను.