రోడ్డు దాటడానికి ఏది మేలు: ఫుట్ ఓవర్ బ్రిడ్జా, స్పీడ్ బ్రేకరా, టేబుల్ టాప్ జీబ్రానా?

మా కాలనీ ముందు రోడ్డుకి టేబుల్ టాప్ జీబ్రా, అంటే ఫుట్‌పాత్ ఎత్తుకి లేపిన జీబ్రా క్రాసింగ్, వచ్చిన దగ్గర్నుంచి నాకు ఇదో కొత్త డ్యూటీ అయింది. చుట్టుపక్కల కాలనీల సంఘాలవాళ్లు ఫోన్ చేసి అడిగేది ఒకటే: “సార్, మేమూ అర్జీ పెడుతున్నాం. ఏం అడగమంటారు? బ్రిడ్జి అడిగితే పెద్దగా ఉంటుంది కదా?” విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

మాది హైదరాబాద్ శివారు. ఎనభై అడుగుల రోడ్డు, మధ్యలో డివైడర్, అటు రెండు లేన్లు, ఇటు రెండు. ఇళ్లన్నీ ఇటుపక్క. పార్కు, కూరగాయల మార్కెట్టు, పిల్లల బడి అటుపక్క. మొదట్లో మేమూ బ్రిడ్జే అడిగాం. ఆ అర్జీ రాసింది నేనే, కాబట్టి ఎవర్నీ తప్పుపట్టడం లేదు.

మా అమ్మకి అరవై తొమ్మిదేళ్లు. షుగరుంది, మోకాళ్ల నొప్పులున్నాయి. డాక్టరుగారు రోజూ అరగంట నడవమన్నారు. వారానికి 150 నిమిషాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పే లెక్కే. నడవడానికి పార్కుంది, దారిలో రోడ్డుంది. బ్రిడ్జి అడిగామని సంబరంగా చెబితే ఆవిడ ఒక్క మాటంది: “అన్ని మెట్లెక్కి దిగాక ఇంక పార్కులో నడిచేదేముందిరా?”

నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఆ ఆదివారం కొంచెం దూరంలో ఉన్న ఒక బ్రిడ్జి దగ్గరికెళ్లి మెట్లు లెక్కపెట్టాను. ఎక్కడానికి నలభై రెండు, దిగడానికి నలభై రెండు. అంతకంటే బాగా తగ్గించడానికి వీల్లేదు. లారీలు, డబుల్ డెక్కర్లు కిందనుంచి పోవాలంటే రోడ్డుకీ బ్రిడ్జికీ మధ్య అయిదున్నర మీటర్ల ఖాళీ ఉండాలి. ఒక్కో మెట్టు పదిహేను సెంటీమీటర్లనుకుంటే అక్కడికే ముప్ఫై ఏడయ్యాయి, పైన దూలం మందం అదనం. మా అమ్మ పార్కుకెళ్లి రావాలంటే మొత్తం నూట అరవై ఎనిమిది మెట్లన్నమాట.

మెట్లు వద్దు, ర్యాంపు కట్టమందామా? చక్రాల కుర్చీ వెళ్లే ర్యాంపు పన్నెండు అడుగులకి ఒక అడుగు చొప్పున లేవాలి. అయిదున్నర మీటర్లు లేవాలంటే అరవై ఆరు మీటర్ల ర్యాంపు, అదీ రెండువైపులా, మధ్యలో ఆగే చోట్లు కాకుండా. అంత జాగా ఫుట్‌పాత్ మీద ఎక్కడిది? లిఫ్ట్ పెడతామంటారు. పెడతారు కూడా. నేను మెట్లు లెక్కపెట్టిన బ్రిడ్జికీ లిఫ్టుంది, దాని తలుపుకి తాళం ఉంది, ఆ తాళానికి తుప్పుంది. సైకిలు మీద బడికెళ్లే పిల్లాడి సంగతి సరేసరి. ఆ సైకిల్ని భుజానెత్తుకుని ఎక్కడు కదా, డివైడర్‌లో సందు వెతుక్కుంటాడు.

ఆ బ్రిడ్జి కింద అరగంట నిలబడ్డాను. పైన వెళ్లినవాళ్లకంటే కింద పరిగెత్తినవాళ్లే ఎక్కువ. ‘జనానికి క్రమశిక్షణ లేదు’ అనడం తేలికే. కానీ ఇరవై సెకన్లలో అయ్యే పనికి మూడు నిమిషాలు పట్టే దారి చూపిస్తే ఎవరైనా అదే చేస్తారు. చీకటి పడ్డాక పైన ఎవరూ ఉండరు కాబట్టి ఆడపిల్లలు అసలే ఎక్కరు. మరి ఇన్ని బ్రిడ్జిలు ఎందుకు కడుతున్నారంటారా? చాలావాటికి అటూ ఇటూ ఉన్న హోర్డింగులు చూడండి. ప్రకటనల హక్కులిచ్చి ప్రైవేటువాళ్లతో కట్టించే పద్ధతి మన నగరంలో ఉంది. హోర్డింగుకి కారులో వెళ్లేవాడి చూపు పడితే చాలు, మెట్లెక్కేవాళ్లతో దానికి పనిలేదు.

బ్రిడ్జి ఎక్కడా వద్దని కాదు. జాతీయ రహదారి మీద, రైలు పట్టాల మీద అదే దిక్కు. ఉప్పల్ కూడలిలో 2023లో తెరిచిన స్కైవాక్ లాంటిది వేరు. నాలుగువైపుల రోడ్లనీ మెట్రో స్టేషన్నీ కలుపుతుంది, లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి. మెట్రో స్టేషన్ పక్కనే ఉన్నవాళ్లు కూడా అదృష్టవంతులు, టికెట్ లేకుండానే స్టేషన్ మీదుగా అటుపక్కకి దిగొచ్చు. మన ఎనభై అడుగుల రోడ్డుకి ఇవేవీ రావు.

ఇక స్పీడ్ బ్రేకర్. అందరికీ తెలిసిందే, అందరూ తిట్టుకునేదే. నిజానికి దీనికో కొలత ఉంది. రోడ్లకి కొలతలు, ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. అలా వేస్తే గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి నెమ్మదిగా లేచి దిగుతుంది. ముందు నలభై మీటర్ల దూరంలో బోర్డుండాలి, పైన తెల్ల చారలుండాలి. మన వీధుల్లో ఉండేది మిగిలిపోయిన తారుని రాత్రికి రాత్రి కుప్పపోసిన గట్టు. అడుగున్నర వెడల్పు, చారలుండవు, బోర్డుండదు. గర్భిణిని ఆటోలో తీసుకెళ్లేవాళ్లనడగండి దాని సంగతి. ఇంకో విషయం చాలామంది గమనించరు. గట్టుకీ కాలువకీ మధ్య జానెడు సందు వదులుతారు నీళ్లు పోవడానికి. బైకులన్నీ ఆ సందులోంచే దూరతాయి. నడిచేవాళ్లు ఉండేదీ సరిగ్గా అక్కడే.

పద్ధతిగా వేసిన స్పీడ్ బ్రేకర్ మంచిదే, చవక కూడా. కాలనీ లోపలి వీధులకి అంతకంటే అక్కర్లేదు. అయితే అది బండిని నెమ్మదింపజేస్తుందే గానీ మనిషికి ‘ఇక్కడ దాటు’ అని చెప్పదు. బండివాడికీ ‘ఇక్కడ మనిషి వస్తాడు’ అని చెప్పదు.

టేబుల్ టాప్ ఆ రెండూ చెబుతుంది. చూడనివాళ్లకి: జీబ్రా గీతలున్న మేర రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకి లేపుతారు, అటూ ఇటూ ఏటవాలుగా వదులుతారు. నడిచేవాడు దిగక్కర్లేదు, ఎక్కక్కర్లేదు. ఆ ఎత్తేదో బండే ఎక్కి దిగుతుంది. నా మటుకు నాకు మొత్తం తేడా ఇక్కడే ఉంది. ఎక్కే కష్టం ఇంజనున్నవాడు పడాలా, మోకాళ్ల నొప్పులున్నవాడు పడాలా?

ఇదేదో జాలి కబురు అనుకోకండి, లెక్క చూపిస్తాను. మా అమ్మ డివైడర్ దాకా, అంటే ఏడు మీటర్లు, నడవడానికి ఎంతసేపు పడుతుందో ఫోన్లో టైమర్ పెట్టి చూశాను. తొమ్మిది సెకన్లు. సిగ్నళ్ల టైము వేసేవాళ్లు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడనుకుంటారు. ఆ లెక్కన ఆరు సెకన్లు కూడా పట్టకూడదు, అమ్మకి ఆ సంగతి తెలియదు మరి. ఈ తొమ్మిది సెకన్లలో అరవై వేగంతో వచ్చే కారు నూట యాభై మీటర్లు వచ్చేస్తుంది. అంటే నూట యాభై మీటర్ల దాకా ఏ బండీ లేనప్పుడే ఆవిడ అడుగు వేయాలి. సాయంత్రం ఆరింటికి మా రోడ్డు మీద అంత ఖాళీ కలలో కూడా దొరకదు. అదే కారు ముప్ఫైతో వస్తే డెబ్భై అయిదు మీటర్ల ఖాళీ చాలు. అది దొరుకుతుంది. పైగా వేగం సగమైతే బ్రేకు వేశాక బండి జారే దూరం నాలుగో వంతుకి పడిపోతుంది, ఎవరైనా తొందరపడి అడుగేసినా బతికి బయటపడే వీలుంటుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. రోజుకి దాదాపు తొంభై మంది. డ్రైవింగ్ నిబంధనల్లో జీబ్రా దగ్గర నడిచేవాడికి దారివ్వాలని రాసే ఉంది. కాగితం మీది రూలుని రోడ్డు మీద ఎత్తుగా పోస్తే గానీ మనవాళ్లకి కనబడదు.

సైకిలు తొక్కేవాళ్లకి కూడా ఇదే నయం. వాలు నున్నగా ఉంటుంది కాబట్టి నడుం అదరదు, క్యారియర్ మీది పుస్తకాల సంచి ఎగిరిపడదు.

దీనికీ తలనొప్పులున్నాయి, దాచను. మొదటి వానకే మా జీబ్రాకి ఎగువన చీలమండ లోతు నీళ్లు నిలిచాయి. రోడ్డు లేపినప్పుడు అంచున నీళ్లు పోవడానికి పైపు వేయాలన్న సంగతి అటు ఇంజనీరుకీ ఇటు మాకూ తట్టలేదు. రెండో నెలలో చెరుకు రసం అమ్మేవాడొచ్చి బండిని సరిగ్గా గీతల మీద పెట్టాడు. చదునుగా ఉంది కదా, వాడికీ సుఖమే. చివర్లో అడ్డంగా పొట్టి స్తంభాలు పాతిస్తే గానీ కదల్లేదు. పాతించేటప్పుడు మధ్యలో చక్రాల కుర్చీ పట్టేంత సందుంచమని పక్కనే నిలబడి చెప్పాల్సొచ్చింది. అసలు అటూ ఇటూ ఫుట్‌పాత్ లేకపోతే టేబుల్ టాప్‌కి అర్థమే లేదు. ముందు దానికోసం కొట్లాడాలి. ఫుట్‌పాత్ మీద నడవడం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025లో అంది, అర్జీలో ఆ వాక్యం వేసుకోండి.

ఆరు లేన్ల రోడ్డయితే నా సలహా మారుతుంది. అక్కడ టేబుల్ టాప్ ఒక్కటే ఆపలేదు. బటన్ నొక్కితే ఎర్ర లైటు పడే పెలికాన్ సిగ్నల్ అడగండి. డివైడర్ దగ్గర ఆగి ఊపిరి పీల్చుకునేంత జాగా కూడా అడగండి. పచ్చ బొమ్మ ఎన్ని సెకన్లు వెలుగుతుందో మీ ఇంట్లో పెద్దవాళ్లని నడిపించి చూసి మరీ ఒప్పుకోండి.

రోడ్డు కిందనుంచి దాటే సబ్‌వేల గురించీ అడుగుతున్నారు. మెట్ల బాధ అదే, పైగా వానొస్తే చెరువు. వద్దు. ‘హోంగార్డుని పెట్టించండి’ అంటారు కొందరు. బడి విడిచే గంటకి మంచిదే, మిగతా ఇరవై మూడు గంటల మాటేమిటి?

అర్జీ ఎలా రాశామని కదా అందరూ అడిగేది. మొదటిసారి ‘బ్రిడ్జి కట్టించగలరు’ అని ఒక పేజీ రాశాం, సంవత్సరం పాటు ఎవరూ పలకలేదు. రెండోసారి రోడ్డు వెడల్పు, ఫుట్‌పాత్ ఎత్తు టేపుతో కొలిచి వేశాం, బడికీ పార్కుకీ ఎంత దూరమో వేశాం, సాయంత్రం జనం దాటుతుండగా తీసిన నాలుగు ఫొటోలు జతచేశాం. అడిగింది ఒక్కటే: ఫలానా కరెంటు స్తంభం ఎదురుగా టేబుల్ టాప్. ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు నీళ్ల పైపు కోసం మూడో అర్జీ నడుస్తోంది. అమ్మ మాత్రం ఆ నీళ్ల పక్కనుంచే చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని రోజూ పార్కుకెళ్తోంది. నిన్న వచ్చి, “పార్కులో బెంచీలు మరీ ఎత్తుగా వేశార్రా, దానికీ ఏదైనా కాగితం పెట్టు” అంది.